సబ్‌టైటిల్ ఫైళ్లు చదవడం మన సాఫ్ట్‌వేర్‌కు ఎలా నేర్పాలి: ప్లేయర్ పని వేరు, పరీక్షించే పని వేరు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. వీడియో, ఆడియో ఫైళ్ల వివరాలు తీసి రిపోర్ట్ ఇచ్చే సాఫ్ట్‌వేర్ మీ టీమ్ దగ్గర ఉంది. ఇప్పుడు అది సబ్‌టైటిల్ ఫైళ్లు కూడా చదవాలి. సబ్‌టైటిల్ ఫార్మాట్లలో ఒకటైన ఎస్‌ఆర్‌టీ కోసం ఒక రెజెక్స్ (టెక్స్ట్‌లో ఒక ఆకారాన్ని వెతికే సూత్రం) రాశారు. ఇంగ్లిష్ ఫైళ్లకు బాగానే పనిచేసింది. తెలుగు ఫైళ్లు కొన్నింటిని మాత్రం 'పాడైపోయిన ఫైల్' అంటోంది, ఇంకొన్నింటిలో సబ్‌టైటిళ్ల సంఖ్య తక్కువ చూపిస్తోంది. దీని తర్వాత వెబ్‌వీటీటీ, టీటీఎంఎల్, ఎస్‌టీఎల్, ఎస్‌సీసీ అనే సబ్‌టైటిల్ ఫార్మాట్లు కూడా చేర్చాలి. ఎక్కడ మొదలుపెట్టాలి, ఏదైనా ప్లేయర్‌లోని కోడ్‌ను తెచ్చి వాడుకోవచ్చా అని అడిగారు.

ప్లేయర్ కోడ్ వాడొద్దు. లైసెన్స్ సంగతి పక్కన పెట్టండి, ప్లేయర్ ఉద్దేశమే వేరు. సినిమా ఆగకూడదు, చూసేవాళ్లకు ఇబ్బంది కలగకూడదు అన్నదే దాని లక్ష్యం. టైమ్‌కోడ్‌లో కామా బదులు చుక్క ఉంటే సర్దుకుపోతుంది. నంబర్ లేకపోతే పట్టించుకోదు. ముగిసే సమయం మొదలయ్యే సమయం కంటే ముందుంటే ఆ డైలాగ్‌ను గప్‌చుప్‌గా వదిలేస్తుంది. మీ సాఫ్ట్‌వేర్ మాత్రం ఆ తప్పులన్నీ ఉన్నవి ఉన్నట్టు చెప్పాలి. మీరు కూడా చదివేటప్పుడే సర్దేసుకుంటే మీ రిపోర్ట్‌లో అంతా బాగున్నట్టే వస్తుంది. అదే ఫైల్ ఇంకో ప్లేయర్‌లో, ఇంకో టీవీలో ఆడదు. అప్పుడు మీ రిపోర్ట్‌ను ఎవరూ నమ్మరు. సబ్‌టైటిల్ క్యూసీ (నాణ్యత పరీక్ష) పనిలో ఇన్నేళ్లలో నేను గట్టిగా పట్టుకున్న నియమం ఒకటే: ఫైల్‌లో రాసి ఉన్నది ఒక వరుసలో చెప్పాలి, మనం లెక్కగట్టింది ఇంకో వరుసలో చెప్పాలి, రెండూ ఎప్పుడూ కలపకూడదు. కింద చెప్పేవన్నీ దాన్ని ఒక్కో ఫార్మాట్‌లో ఎలా నిలబెట్టుకోవాలన్నదే.

మొదట గుర్తుపట్టడం. ఎక్స్‌టెన్షన్‌ను నమ్మొద్దు. '.సబ్' అని ఉన్న ఫైల్ మైక్రోడీవీడీ టెక్స్ట్ కావచ్చు, సబ్‌వ్యూయర్ టెక్స్ట్ కావచ్చు, పక్కన '.ఐడీఎక్స్' ఉన్న వాబ్‌సబ్ బొమ్మల ఫైల్ కూడా కావచ్చు. '.ఎస్‌టీఎల్' అయితే మరీ చిత్రం. యూరోపియన్ బ్రాడ్‌కాస్టింగ్ యూనియన్ (ఈబీయూ) వాళ్ల బైనరీ ఫార్మాట్‌కూ అదే, డీవీడీ తయారీలో వాడిన స్ప్రూస్ టెక్స్ట్ ఫార్మాట్‌కూ అదే, త్రీడీ ప్రింటింగ్ మోడళ్లకూ అదే. కాబట్టి లోపలి బైట్లు చూసే తేల్చాలి. వీడియో, ఆడియో ఫైళ్లను చదివి మార్చే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే సాఫ్ట్‌వేర్ పద్ధతి ఇక్కడ నేర్చుకోదగ్గది. అందులో ప్రతి ఫార్మాట్‌కూ గుర్తుపట్టే ఫంక్షన్ ఒకటి ఉంటుంది. అది ఫైల్ మొదలు చూసి ఒక స్కోర్ ఇస్తుంది. గరిష్ఠం 100. ఎక్స్‌టెన్షన్ ఒక్కటే కలిస్తే 50. ఎక్కువ స్కోర్ వచ్చిన ఫార్మాట్‌కు ఫైల్ వెళ్తుంది. మీరూ ఇలాగే చేయండి. గట్టి గుర్తు ఉన్నవి ముందు పరీక్షించండి: ఫైల్ మొదట్లోనే తన పేరు రాసుకునే వెబ్‌వీటీటీ, మొదటి వరుసలో పేరూ వెర్షనూ ఉండే ఎస్‌సీసీ, మూడో బైట్ నుంచి పదో బైట్ దాకా 'ఎస్‌టీఎల్25.01' లేదా 'ఎస్‌టీఎల్30.01' అని ఉండే ఈబీయూ ఎస్‌టీఎల్ (సున్నా నుంచి లెక్కపెట్టాలి). ఏ గుర్తూ లేని ఎస్‌ఆర్‌టీ చివర్లో.

ఇప్పుడు మీ అసలు సమస్య, ఎస్‌ఆర్‌టీ. చూడ్డానికి ఇంతకంటే సులువైన ఫార్మాట్ లేదు:

1
00:00:05,200 --> 00:00:07,900
బాబాయ్, బస్సు ఇంకా రాలేదా?

నంబర్, సమయం, మాట, ఒక ఖాళీ వరుస. కష్టమంతా దీనికి అధికారికమైన స్పెసిఫికేషన్ లేకపోవడంలో ఉంది. డీవీడీ నుంచి సబ్‌టైటిళ్లు తీసే సబ్‌రిప్ అనే ప్రోగ్రాం రాసిన రూపమే ప్రమాణం అయింది. మీ రెజెక్స్ బహుశా 'నంబర్, సమయం, టెక్స్ట్, ఖాళీ వరుస' అన్న మొత్తం ఆకారాన్ని వెతుకుతోంది. డైలాగ్ మధ్యలో ఒక ఖాళీ వరుస పడినా, రెండు డైలాగ్‌ల మధ్య ఖాళీ వరుస లేకపోయినా, నంబర్ తప్పిపోయినా అక్కడ లెక్క తప్పుతుంది. సంఖ్య తక్కువ రావడానికి నాకు కనిపిస్తున్న కారణం ఇదే. ఆకారం వదిలేసి బాణం గుర్తు ఉన్న సమయం వరుసను ఆధారంగా పట్టుకోండి. అలాంటి వరుస కనిపిస్తే కొత్త డైలాగ్ మొదలైనట్టు. దానికి సరిగ్గా పై వరుసలో అంకెలు మాత్రమే ఉంటే అది నంబర్. లేకపోతే 'నంబర్ లేదు' అని నోట్ చేసుకోండి. ఈ క్రమం ఎందుకంటే '1983' అని సంవత్సరం ఒక్కటే డైలాగ్‌గా వచ్చే చోట్లు ఉంటాయి. అంకెలు కనిపించిన ప్రతి వరుసనూ నంబర్ అనుకుంటే అక్కడ దెబ్బతింటారు.

సమయం వరుసలోనూ ఎన్నో రకాలు చూస్తారు. కామా బదులు చుక్క, మిల్లీసెకన్లు మూడంకెలకు బదులు రెండే ఉండటం, బాణానికి అటూ ఇటూ ఖాళీ లేకపోవడం, సమయం తర్వాత తెరమీద స్థానం చెప్పే అంకెలు. అన్నీ చదవండి, అన్నీ రిపోర్ట్ చేయండి. రెండంకెల మిల్లీసెకన్ల దగ్గర ఒక జాగ్రత్త: ',50' అంటే 50 మిల్లీసెకన్లా, అర సెకనా? ఫైల్ చెప్పదు. ఏ అర్థం తీసుకున్నారో రిపోర్ట్‌లో రాయాలి.

'పాడైపోయిన ఫైల్' అనే మెసేజ్ దగ్గరికి వస్తాను. ఇది నేను స్వయంగా పడిన గుంట. మేము ఫైల్‌ను 64 కిలోబైట్ల ముక్కలుగా చదివి, ప్రతి ముక్కా సరైన యూటీఎఫ్-8 (యూనికోడ్ అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) అవునా కాదా అని చూసేవాళ్లం. ఇంగ్లిష్ అక్షరం ఒక బైట్, ఎక్కడ కోసినా నష్టం లేదు. తెలుగు యూనికోడ్‌లో ఒక్కో కోడ్ పాయింట్ (ఒక్కో అక్షరానికి, గుణింతం గుర్తుకు ఇచ్చిన సంఖ్య) యూటీఎఫ్-8లో మూడు బైట్లు. ముక్క అంచు ఆ మూడింటి మధ్యలో పడితే మొదటి ముక్క చివర సగం అక్షరం, రెండో ముక్క మొదట్లో మిగతా సగం. రెండూ తప్పే అని మా పరీక్ష చెప్పేది. చిన్న ఫైళ్లు పాసయ్యేవి, రెండున్నర గంటల తెలుగు సినిమా ఫైల్ ఫెయిలయ్యేది. ఒక క్లయింట్ బాగున్న ఫైల్‌ను మూడుసార్లు మళ్లీ చేయించి పంపారు, తప్పు మాది. ముక్క చివర మిగిలిన అసంపూర్ణ బైట్లను తర్వాతి ముక్క ముందు చేర్చాలి. అంతకంటే మంచిది, సబ్‌టైటిల్ టెక్స్ట్ ఫైళ్లు కొన్ని వందల కిలోబైట్లే కాబట్టి సైజుకు ఒక పరిమితి పెట్టుకుని మొత్తం ఒకేసారి చదవడం.

ఎన్‌కోడింగ్ ఊహించే విషయంలో ధైర్యం చేయొద్దు. మొదట బీఓఎం (ఎన్‌కోడింగ్ ఏదో చెప్పే, ఫైల్ మొదట్లోని బైట్లు) ఉందా చూడండి. లేకపోతే మొత్తం ఫైల్ కఠినంగా యూటీఎఫ్-8గా నిలుస్తుందా చూడండి. ఆస్కీ (ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు ఉండే పట్టిక) కాని బైట్లు ఉండీ నిలిచిందంటే అది దాదాపు ఖాయంగా యూటీఎఫ్-8. నిలిచినా నిలవకపోయినా తెలుగు ఫైళ్లలో మూడు సంగతులు వెతకండి. ఒకటి, బీఓఎం లేని యూటీఎఫ్-16. తెలుగు యూనికోడ్ 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకు ఉంటుంది కాబట్టి డైలాగ్ భాగంలో ఒకటి విడిచి ఒకటి 0సీ బైట్, సమయం భాగంలో ఒకటి విడిచి ఒకటి సున్నా బైట్ కనిపిస్తాయి. ఈ బైట్లన్నీ ఆస్కీ హద్దులోనే ఉంటాయి కాబట్టి యూటీఎఫ్-8 పరీక్ష దీన్ని పట్టుకోలేదు. రెండు, పాత ఫాంట్ టైపింగ్. అను ఫాంట్లలో టైప్ చేసిన టెక్స్ట్‌ను నేరుగా సేవ్ చేస్తే అది యూనికోడ్ తెలుగు కాదు, ఆ ఫాంట్ ఉంటేనే తెలుగులా కనిపించే లాటిన్ గుర్తుల వరుస. దాన్ని మార్చే పని మీది కాదు, 'తెలుగు అక్షరాలు లేవు' అని చెబితే చాలు. మూడోది కాస్త మోసపూరితమైనది, ఎందుకంటే అది ఆస్కీ కాని బైట్లతోనే యూటీఎఫ్-8 పరీక్ష పాసవుతుంది. సరైన తెలుగును ఎవరో వెస్ట్రన్ ఎన్‌కోడింగ్ అనుకుని తెరిచి మళ్లీ యూటీఎఫ్-8గా సేవ్ చేస్తే వచ్చే చెత్త అది. ప్రతి తెలుగు కోడ్ పాయింట్ మొదటి రెండు బైట్లు ఈ0 బీ0 లేదా ఈ0 బీ1. అవి నెత్తిన గీత ఉన్న చిన్న 'ఏ', దాని పక్కన ° లేదా ± గుర్తుగా మారతాయి. ఆ జంట ఫైల్ నిండా ఉంటే అనుమానం అక్కర్లేదు. ఈ ఒక్క హెచ్చరిక మా దగ్గర ఎన్నో రాత్రుల టెన్షన్ తప్పించింది.

వరుసకు ఎన్ని అక్షరాలున్నాయో చెప్పమని కూడా మిమ్మల్ని అడుగుతారు. ఇంగ్లిష్‌కు వరుసకు 42 అక్షరాల హద్దు చాలా చోట్ల వాడతారు, దాన్నే తెలుగుకు తెచ్చి పెడతారు. అప్పుడు 'అక్షరం' అంటే ఏమిటో మీరు తేల్చుకోవాలి. 'స్త్రీ' తీసుకోండి. 18 బైట్లు, 6 కోడ్ పాయింట్లు, చదివేవాళ్లకు ఒకటే అక్షరం. యూనికోడ్ వాళ్ల అక్షర విభజన నియమాలు వాడితే సరిపోతుందా అంటే, అక్కడా ఒక మెలిక ఉంది. 2023లో వచ్చిన 15.1 వెర్షన్‌లో తెలుగు లాంటి భారతీయ లిపుల ఒత్తులను విడదీయకూడదనే నియమం చేరింది. అంతకు ముందు లైబ్రరీతో లెక్కిస్తే 'స్త్రీ' మూడు, తర్వాతి లైబ్రరీతో ఒకటి. సర్వర్‌లో లైబ్రరీ అప్‌డేట్ అయిన రోజున మీ రిపోర్ట్ అంకెలు మారిపోతాయి. అందుకని కోడ్ పాయింట్ల సంఖ్య, అక్షరాల సంఖ్య రెండూ ఇవ్వండి, ఏ యూనికోడ్ వెర్షన్‌తో లెక్కించారో పక్కనే రాయండి. ఇంకో మాట: కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్‌ను 'చెత్త' అనుకుని తీసేయొద్దు. 'ఫేస్‌బుక్'లో పొల్లు నిలబడేది దానివల్లే.

వెబ్‌వీటీటీ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, స్పెసిఫికేషన్ చక్కగా ఉంది. ఎప్పుడూ యూటీఎఫ్-8, సెకన్ల తర్వాత చుక్క, గంటలు రాయకపోయినా ఫర్వాలేదు. వ్యాఖ్యలు, స్టైల్, రీజియన్ బ్లాకులను డైలాగ్‌లుగా లెక్కించకండి. వీడియోను చిన్న ముక్కలుగా పంపే హెచ్‌ఎల్‌ఎస్ స్ట్రీమింగ్ ముక్కల్లో మాత్రం హెడర్ కింద టైమ్‌స్టాంప్ మ్యాప్ అనే వరుస వస్తుంది. అందులో 900000 అని ఉంటే సెకనుకు 90000 టిక్కుల లెక్కన 10 సెకన్లు. ఆ వరుసను చూడకుండా సమయాలు చెబితే వీడియోతో పోల్చినప్పుడు అంతా జరిగిపోయి ఉంటుంది.

స్టైల్ వివరాలతో వచ్చే ఏఎస్‌ఎస్ అనే టెక్స్ట్ ఫార్మాట్‌లో ఏ కాలమ్ ఎక్కడుందో ఫార్మాట్ వరుస చెబుతుంది, దాన్ని చదివే ముందుకు వెళ్లండి. చివరి కాలమ్ అయిన డైలాగ్‌లో కామాలు ఉండొచ్చు కాబట్టి అక్కడితో విడగొట్టడం ఆపేయాలి. కామెంట్ వరుసలు తెరమీద రావు, లెక్కలో వేయొద్దు.

ఈబీయూ ఎస్‌టీఎల్ మీద కొంచెం సమయం పెట్టండి. 1991 నాటి ఫార్మాట్ అయినా ప్రసార సంస్థల దగ్గర నుంచి ఇప్పటికీ వస్తూనే ఉంటుంది. మొదట 1024 బైట్ల హెడర్, ఆ తర్వాత ఒక్కొక్కటి 128 బైట్ల బ్లాకులు. ప్రతి బ్లాక్‌లో టెక్స్ట్‌కు 112 బైట్లు. హెడర్‌లో మొత్తం బ్లాకుల సంఖ్య అంకెల్లో రాసి ఉంటుంది. ఫైల్ సైజులోంచి 1024 తీసేసి 128తో భాగిస్తే వచ్చే సంఖ్య దానితో సరిపోవాలి. సరిపోకపోతే రెండు సంఖ్యలూ చూపించండి, ఒకటి ఎంచుకోవద్దు. పొడవైన డైలాగ్ రెండు మూడు బ్లాకుల్లో సాగుతుంది కాబట్టి బ్లాకుల సంఖ్య సబ్‌టైటిళ్ల సంఖ్య కాదు. బ్లాక్‌లోని ఎక్స్‌టెన్షన్ నంబర్ ఎఫ్‌ఎఫ్ అయితేనే ఆ డైలాగ్ పూర్తయినట్టు. ఎఫ్‌ఈ అయితే అది డైలాగే కాదు, తయారుచేసినవాళ్ల సొంత సమాచారం. ఇంకా, కార్యక్రమం చాలాసార్లు 10:00:00:00 దగ్గర మొదలవుతుంది. మొదటి సబ్‌టైటిల్ పది గంటల తర్వాత వచ్చిందని కంగారు పడకుండా హెడర్‌లోని ప్రారంభ టైమ్‌కోడ్ చదివి, అసలు సమయం, దాన్ని తీసేసిన సమయం రెండూ ఇవ్వండి.

తెలుగువాళ్లకు ఈ ఫార్మాట్‌తో ఒక ప్రత్యేకమైన ముడి ఉంది. దాని భాషల కోడ్ పట్టికలో తెలుగుకు 4బీ అనే కోడ్ ఉంది. అక్షరాల పట్టికలు మాత్రం ఐదే: లాటిన్, దానితో పాటు సిరిలిక్, అరబిక్, గ్రీక్, హీబ్రూ. అంటే 'ఇది తెలుగు' అని హెడర్‌లో రాయొచ్చు, తెలుగు అక్షరం ఒక్కటి కూడా ప్రమాణం ప్రకారం లోపల రాయలేం. అందుకని 4బీ కోడ్ ఉన్న ఫైల్ వస్తే అందులో ఉన్నది ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన తెలుగు కావచ్చు, హెడర్ తప్పు కావచ్చు, ఎవరో సొంతంగా పెట్టుకున్న ఎన్‌కోడింగ్ కావచ్చు. భాష దగ్గర 'ఫైల్ చెప్పింది తెలుగు, లిపి లాటిన్' అని రెండు వరుసల్లో రాయండి. చూసేవాళ్లు మిగతాది తేల్చుకుంటారు.

సమయం లెక్కల్లో మమ్మల్ని ఎక్కువగా దెబ్బతీసింది ఫ్రేమ్ రేట్. మైక్రోడీవీడీలో సమయం ఉండదు, ఫ్రేమ్ నంబర్లే ఉంటాయి. మొదటి వరుసలో 1, 1 మధ్య ఫ్రేమ్ రేట్ రాసే అలవాటు ఉంది, రాయకపోతే ఫైల్‌లోంచి తెలిసే దారి లేదు. 23.976 రేటుతో చేసిన ఫైల్‌ను 25 అనుకుంటే రెండున్నర గంటల సినిమా చివరికి తేడా ఆరు నిమిషాలు దాటుతుంది. కాబట్టి ఫ్రేమ్ నంబర్లు ఇచ్చి, ఫ్రేమ్ రేట్ తెలియదని చెప్పి, నిడివి ఖాళీగా వదిలేయండి. ఖాళీ వదలడానికి మీ మేనేజర్ ఒప్పుకోకపోవచ్చు. తప్పు అంకె కంటే ఖాళీ మేలని ఈ ఆరు నిమిషాల లెక్క చూపించి ఒప్పించండి.

టీటీఎంఎల్ ఎక్స్ఎంఎల్ కాబట్టి రెజెక్స్ పక్కన పెట్టి సరైన ఎక్స్ఎంఎల్ పార్సర్ (ఫైల్‌ను భాగాలుగా విడదీసి చదివే కోడ్) వాడండి. బయటి ఎంటిటీలు (ఒక పేరు బదులు వేరే టెక్స్ట్‌ను చేర్చే సౌకర్యం), ఎంటిటీల విస్తరణ ఆపేయండి, లేకపోతే చిన్న ఫైల్ ఒకటి మీ సర్వర్ మెమరీ మొత్తం తినేయగలదు. ఇందులో సమయాన్ని గంటలు నిమిషాలుగా, సెకన్లుగా, ఫ్రేమ్‌లుగా, టిక్కులుగా రాయొచ్చు. ఫ్రేమ్ రేట్ చెప్పకపోతే 30 అని స్పెసిఫికేషన్ అంటుంది. 29.97 కావాలంటే 30తో పాటు 1000, 1001 అనే గుణకం ఇస్తారు, చాలామంది పార్సర్లలో దీన్ని మర్చిపోతారు. పైన ఉన్న డివ్‌కు (పేరాలను కలిపి ఉంచే భాగం) మొదలయ్యే సమయం ఉంటే లోపలి పేరాల సమయాలకు దాన్ని కలపాలన్నది కూడా.

ఎస్‌సీసీ చివరికి ఉంచండి. అది అమెరికా టీవీ క్యాప్షన్ల డేటా, హెక్స్ అంకెల్లో. ప్రతి బైట్ పై బిట్ బేసి పారిటీ (బైట్‌లో 1ల సంఖ్య బేసి అయ్యేలా పెట్టే తనిఖీ బిట్), ముందు దాన్ని సరిచూసి తీసేయాలి. కంట్రోల్ కోడ్లు రెండేసి సార్లు వస్తాయి, ఒకటిగానే లెక్కించాలి. టైమ్‌కోడ్ ఉన్న వరుసల సంఖ్యను క్యాప్షన్ల సంఖ్య అనుకోవద్దు, కొన్ని వరుసలు తెర తుడిచే ఆజ్ఞలు మాత్రమే. ముఖ్యంగా, ఆ టైమ్‌కోడ్ డేటా పంపడం మొదలైన క్షణం, క్యాప్షన్ కనిపించే క్షణం కాదు. ఫ్రేమ్‌కు రెండు బైట్లే వెళ్తాయి కాబట్టి 60 బైట్ల క్యాప్షన్ లోడ్ కావడానికి 30 ఫ్రేమ్‌లు, దాదాపు ఒక సెకను. ఆ తర్వాత 'చూపించు' ఆజ్ఞ వస్తుంది. టైమ్‌కోడ్‌లో సెకన్ల తర్వాత సెమికోలన్ ఉంటే డ్రాప్ ఫ్రేమ్ (గడియారంతో సరిపోవడానికి కొన్ని ఫ్రేమ్ నంబర్లు దాటేసే లెక్క). పట్టించుకోకపోతే గంటకు 3.6 సెకన్ల తేడా.

పీజీఎస్, వాబ్‌సబ్, డీవీబీ లాంటివి బొమ్మల సబ్‌టైటిళ్లు. ఎన్ని ఉన్నాయి, ఎప్పుడు వస్తున్నాయి, సైజు ఎంత అని చెప్పి వదిలేయండి. బొమ్మలోంచి అక్షరాలు చదివే పని ఇందులో కలిపితే మీరు చెప్పేది ఫైల్‌లో ఉన్నదో మీ ఊహో తేడా తెలియకుండా పోతుంది.

రిపోర్ట్‌లో నిడివి గురించి ఒక చిన్న విషయం. చివరి డైలాగ్ ముగింపు సమయం తీసుకోవద్దు, అన్ని ముగింపుల్లోకి పెద్దది తీసుకోండి. వరుస తప్పిన ఫైళ్లలో, పాట పల్లవి తెరమీద ఉండగానే మాటలు వచ్చిపోయే చోట్ల ఈ రెండూ వేరు. ఎన్ని డైలాగ్‌లు ఒకదానిమీద ఒకటి పడ్డాయి, ఎన్నింటి నిడివి సున్నా, ఒక డైలాగ్‌లో గరిష్ఠంగా ఎన్ని వరుసలు అన్నవి క్యూసీ వాళ్లకు నిజంగా పనికొచ్చే అంకెలు.

చదవడానికి మంచి కోడ్ కావాలంటే మీడియాఇన్ఫో సోర్స్ తెరవండి. జెరోమ్ మార్టినెజ్ మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్, సీ ప్లస్ ప్లస్‌లో ఉంటుంది. టెక్స్ట్ ఫార్మాట్లకు ప్రత్యేకంగా ఒక ఫోల్డర్, అందులో ఒక్కో ఫార్మాట్‌కు ఒక్కో క్లాస్. గుర్తుపట్టాక అంగీకరించడం, కాదని తిప్పికొట్టడం, చివర్లో వివరాలు నింపడం అనే మెట్లు స్పష్టంగా కనిపిస్తాయి. ఈబీయూ ఎస్‌టీఎల్ కోసం అక్కడ 'ఎన్19' అనే పేరుతో వెతకండి.

టెస్ట్ ఫైళ్ల విషయంలో, క్లయింట్ ఫైళ్లను రిపాజిటరీలో పెట్టొద్దు. విడుదల కాని సినిమా డైలాగ్‌లు అందులో ఉంటాయి. మేము చిన్న స్క్రిప్ట్ రాసుకున్నాం: సమయాలు, వరుసలు, తప్పులు అలాగే ఉంచి డైలాగ్‌ల స్థానంలో అంతే బైట్ల పొడవున్న వేరే తెలుగు పదాలు నింపుతుంది. బయటపడిన ప్రతి బగ్‌కూ అలాంటి ఫైల్ ఒకటి, దానికి రావాల్సిన రిపోర్ట్ ఒకటి దాచండి. బైట్ల పొడవు మారకుండా చూడటం అవసరం, లేకపోతే నేను పైన చెప్పిన ముక్క అంచు బగ్ లాంటివి మళ్లీ దొరకవు.

క్రమం అడిగారు కాబట్టి: ముందు వెబ్‌వీటీటీ చేయండి, నియమాలు కచ్చితంగా ఉన్నాయి కాబట్టి మీ క్లాసుల అమరిక దానితో కుదురుతుంది. అదే అమరికలో ఎస్‌ఆర్‌టీని కొత్తగా రాయండి. తర్వాత ఎస్‌టీఎల్, టీటీఎంఎల్, ఆఖర్న ఎస్‌సీసీ.

అవేవీ మొదలుపెట్టక ముందు, ఫెయిలవుతున్న ఆ తెలుగు ఫైళ్లలో ఒకటి తీసుకుని సరిగ్గా ఎన్నో బైట్ దగ్గర తప్పు అంటోందో ప్రింట్ చేయించండి. ఆ సంఖ్య 65536కో, మీ బఫర్ సైజు ఎంతైతే దాని గుణిజానికో ఒకటి రెండు బైట్ల దూరంలో ఉంటే ఫైల్‌లో తప్పేమీ లేదు, పంపినవాళ్లను మళ్లీ చేయమని అడగొద్దు. వేరే చోట ఉంటే ఆ చోటుకు ముందూ వెనకా ఓ ఇరవై బైట్లు హెక్స్‌లో ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.